సోమవారం సెలవు

కస్కినెన్,
నవంబరు 9

సైలాకి,

మొన్న ఫోను చేస్తే ఎత్తలేదు. నిన్న చేసినా ఎత్తలేదు. సరే, మెసేజ్ పెడదామని పెడితే క్షణంలో జవాబు వచ్చింది. ఆహా, మరదలు మారిందే అనుకుని చూస్తే, "మీ సందేశం అందింది. రెండు పనిదినాల్లోగా మిమ్మల్ని సంప్రదిస్తాను" అని ఉంది. మీ అన్నయ్యకి చూపించాను. నవ్వీ నవ్వీ కాఫీ ఒంటిమీద పోసుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నీ పెళ్ళికి దగ్గరుండి జుట్టు ముడివేసినదాన్ని, నేను నీకు కస్టమర్‌ని అయిపోయానా?

అందుకే కాగితం తీశాను. దీనికైతే ఆ మిషను జవాబివ్వలేదు కదా.

అసలు సంగతి ఇది. క్రిస్మస్‌కి మీరు వస్తున్నారా, లేదా? పండగ విందుకి పంది తొడ ఎంత పెద్దది కావాలో మాంసం కొట్టువాడికి ఈ నెలలోనే చెప్పాలి. పోయినసారి మీ ముగ్గురూ వచ్చారు గానీ, నువ్వు వచ్చావని నేను చెప్పలేను. సౌనా గదిలో నీ కూతురూ నేనూ ఆవిరికి చెమటలు కక్కుతూ కూర్చుంటే, నువ్వు బయట బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని చాక్లెట్ డబ్బాలకి కుందేళ్ళ బొమ్మలు గీస్తున్నావు. మింతు తలుపు సందులోంచి "అమ్మా, ఇంకెంతసేపు?" అని అడగడం, నువ్వు తల ఎత్తకుండానే "ఇదిగో, అయిపోయింది" అనడం. అది అవలేదు. మేము కాలిపోయి బయటికొచ్చినా అవలేదు.

ఇక్కడంతా మామూలే. మీ అన్నయ్య రేవులో క్రేన్ ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. నా సెలూన్ ఆరు రోజులూ నడుస్తోంది. ఆదివారం మాత్రం సిల్వి గారింటికి వెళ్ళి ఆవిడ జుట్టు కడిగి రింగులు తిప్పి వస్తాను. ఆవిడకి ఎనభై దాటాయి, మెట్లు దిగలేదు. ఆ కాసేపూ ఊరి కబుర్లన్నీ ఆవిడే నాకు చెబుతుంది. ఇల్లు కదలని మనిషికి అవన్నీ ఎలా తెలుస్తాయో నాకిప్పటికీ అర్థం కాదు.

రెండు పనిదినాల్లోగా జవాబు వస్తుందని చూస్తూ ఉండే
వదిన విర్పి


తంపెరే,
నవంబరు 17

వదినా,

రెండు పనిదినాలు దాటిపోయాయి, ఏమీ అనుకోకు. ఆ మెసేజ్ దానంతటదే అందరికీ వెళ్ళిపోతుంది. నిన్ను అందులోంచి తప్పించడం ఎలాగో నాకు తెలియలేదు. తెలుసుకునేందుకు తీరికా లేదు.

నన్ను తిట్టేముందు నా కష్టం కూడా కాస్త విను. ముద్రణాలయంవాళ్ళు మా విభాగం మూసేశాక ఈ వంటింటి బల్లే నా ఆఫీసు. రిస్తో ట్రాము నడుపుతాడు. డ్యూటీ దిగాడంటే అంతే, ఇంకొకడు ఎక్కుతాడు. ఆయన్ని వెతుక్కుంటూ ట్రాము మా ఇంటికి రాదు. నా సంగతి అలా కాదే. మిఠాయి కంపెనీ హన్నుల గారు శుక్రవారం సాయంత్రం పని పంపి సోమవారం పొద్దున కావాలంటాడు. ఒక్కసారి కుదరదన్నామా, మర్నాడు ఇంకొకరిని చూసుకుంటాడు. ప్రస్తుతం నా బల్ల మీద ఈస్టరు నడుస్తోంది. కిటికీ బయట మంచు కురుస్తుంటే లోపల వసంతంలో అమ్మే చాక్లెట్లకి పసుపుపచ్చ కోడిపిల్లలు. నాకు ఏ నెలలో ఉన్నానో మర్చిపోయే జబ్బు పట్టుకుంది.

కానీ ఒక మంచి సంగతి. సొంతంగా పని చేసుకునేవాళ్ళకని గ్రంథాలయంలో ఒక తరగతి పెట్టారు, వెళ్ళాను. ఒకావిడ వచ్చి, రోజుని ముక్కలుగా కోసుకోమంది. ఒక్కో ముక్కలో ఒక్కటే పని. పనిచేసేటప్పుడు ఫోను సొరుగులో పెట్టి మూసేయమంది. చేసి చూశాను వదినా, అద్భుతంగా ఉంది. రోజంతా పట్టే పని సగం రోజులో అవుతోంది. రిస్తో నన్ను సొరుగమ్మా అని పిలుస్తున్నాడు. నీ ఫోను ఎత్తకపోవడానికీ కారణం అదే, నువ్వు సొరుగులో ఉన్నావు.

నన్ను అన్నావు గానీ, ఆరు రోజులు సెలూన్, ఏడో రోజు సిల్వి గారు అంటే నువ్వు వారమంతా పనిలోనే ఉన్నట్టు కాదా? సోమవారం మూసేయకూడదూ? ధర అయినా పెంచు. నా పెళ్ళికి ముందు ఎంత తీసుకునేదానివో ఇప్పుడూ అంతేనట, అన్నయ్య చెప్పాడు. ఆ లెక్కన నువ్వు నడుపుతున్నది సెలూన్ కాదు, ధర్మసత్రం.

క్రిస్మస్‌కి తప్పకుండా వస్తాం. పెద్ద తొడే చెప్పు. మింతుకి ముందుపన్ను ఊడింది. ఈల వేయడం వస్తోందని సంబరపడుతోంది. మాకే కష్టంగా ఉంది.

నీ మరదలు
సైలా


కస్కినెన్,
నవంబరు 28

సైలాకి,

ధర్మసత్రం అన్న మాట మీ అన్నయ్యకి చదివి వినిపించాను. ఈసారి నవ్వలేదు. నేను చూస్తున్నానని నవ్వలేదేమో.

నువ్వు పట్నంలో ఉండేదానివి, నీకు ఎలా చెప్పాలి? ఇక్కడ ఊరంతా కలిపినా నీ వీధిలో ఉన్నంతమంది ఉండరు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమందికి తలమీద కత్తిరించేంత జుట్టే లేదు. వస్తారు, కూర్చుంటారు, మాట్లాడతారు. పోయినేడు భార్య పోయిన ఒకాయన నెలకి మూడుసార్లు వస్తాడు. ఆయనకి నేను ధర పెంచానని చెప్పాలా? సోమవారం మూస్తే సోమవారం వచ్చేవాళ్ళు ఏమైపోతారు? పక్క ఊరు నార్పియోకి వెళతారు. అక్కడ కొత్త సెలూన్ పెట్టారు, అద్దాలు, కాఫీ మిషను, అన్నీ ఉన్నాయట. ఒకసారి వెళ్ళినవాళ్ళు మళ్ళీ వస్తారని నాకు నమ్మకం లేదు.

తరగతిలో చెప్పినవి తరగతిలో బాగుంటాయి. రోజుని ముక్కలుగా కోసుకోవడానికి నా రోజు రొట్టె కాదు. మనుషులు వచ్చినప్పుడే వస్తారు.

ఇంకా రాద్దామనుకున్నాను. రోజంతా కత్తెర పట్టిన చెయ్యి, కలం పట్టనంటోంది. తొడ పెద్దదే చెప్పాను.

విర్పి


తంపెరే,
డిసెంబరు 13

వదినా,

మింతు క్షేమంగా ఉంది. ముందు అది చదివి, తర్వాత మిగతాది చదువు.

మంగళవారం దాన్ని స్కీ తరగతి నుంచి నేను తీసుకురావాలి. రిస్తో డ్యూటీలో ఉన్నాడు. భోజనం అవగానే ఫోను సొరుగులో పెట్టి పనిలో కూర్చున్నాను. కోడిపిల్ల రెక్క రంగు ఎంతకీ కుదరదు. అది కుదిరేసరికి కిటికీలో నా ముఖమే కనిపిస్తోంది, బయట అంత చీకటి. సొరుగు తీశాను. ఫోను నిండా మింతు చేసిన కాల్సే. తిరిగి చేస్తే మోగలేదు. చలికి దాని ఫోను ఆగిపోయిందని తర్వాత తెలిసింది.

కారులో మైదానానికి వెళ్ళేసరికి దీపాలు ఆర్పేసి ఉన్నాయి. అమ్మ వచ్చేస్తోందని మింతు చెప్పిందట, స్కీ నేర్పేవాళ్ళు నమ్మి వెళ్ళిపోయారు. దారి పొడుగునా చూసుకుంటూ వెనక్కి వచ్చాను. వచ్చేసరికి అది మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది, స్కీలు పక్కన పెట్టుకుని. ఎలా వచ్చావే అంటే సరస్సు మీదుగా అంది.

సరస్సు గడ్డకట్టి వారం కూడా కాలేదు వదినా. చేపలు పట్టే ముసలివాళ్ళే ఇంకా దాని మీద కాలు పెట్టలేదు. దిగొద్దని ఒడ్డున బోర్డు ఉంది. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి రావాలంటే భయమేసిందట, లారీలు తిరుగుతాయని. "మంచు చప్పుడు చేసిందమ్మా. అప్పుడు స్కీలు తొడుక్కుని మెల్లగా జారుకుంటూ వచ్చాను. అలా అయితే బరువు ఒకచోట పడదని మామయ్య చెప్పాడుగా" అంది. గొప్పగా చెప్పింది. నాకు ఎందుకు ఫోను చేయలేదని అడగబోయి నోరు మూసుకున్నాను.

రిస్తో వచ్చాక అన్నీ చెప్పాను. అరుస్తాడనుకున్నాను. మింతుని పడుకోబెట్టి వచ్చాడు. తర్వాత గిన్నెలు తుడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"నువ్వు ఇంట్లో ఉండి పనిచేస్తే మింతుకి తోడుంటావనుకున్నాం. సైలా, నువ్వు ఇంట్లో ఉండటం లేదు."

అప్పటినుంచీ ఆ మాటే చెవిలో ఉంది. నాకు ఒక్కటే దారి కనిపిస్తోంది. ఈ ఈస్టరు పని క్రిస్మస్‌లోగా ఇవ్వాలి. స్కూలుకి సెలవులిచ్చిన రోజునే మింతుని మీ దగ్గరికి పంపిస్తాను, పండగకి మేమూ వచ్చి కలుస్తాం. ఈలోగా నేను ఊపిరి బిగబట్టి ఇది ముగించేస్తాను. నీ దగ్గరుంటే దానికి ఏ భయమూ ఉండదు. నాకూ ఉండదు. కాదనకు.

సైలా


కస్కినెన్,
డిసెంబరు 18

సైలాకి,

పిల్ల బాగున్నందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. మీ అన్నయ్య ఉత్తరం చదివి రేవు దాకా నడిచివెళ్ళి చాలాసేపటికి వచ్చాడు.

మింతుని ఇప్పుడు పంపొద్దు. పండగ ముందు సెలూన్‌లో నిలబడటానికి చోటుండదు. పిల్లని చూసుకోవడం నావల్ల కాదు. పండగకి కూడా ఈసారి ఎవరింట్లో వాళ్ళు ఉంటేనే మంచిదేమో. మాంసం కొట్టువాడికి చెప్పి చిన్న తొడ తెప్పించుకున్నాను.

పిల్ల నీ దగ్గర ఉండటమే మంచిది.

విర్పి


తంపెరే,
జనవరి 7

విర్పి వదిన గారికి,

నూతన సంవత్సర శుభాకాంక్షలు. మీరు పంపిన ఉన్ని మేజోళ్ళు మింతుకి సరిపోయాయి.

ఇలా "మీరు" అని రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, కానీ మనసులో ఉన్నది ఇదే. ధర్మసత్రం అన్నందుకు నీకు కోపం వచ్చిందని తెలుసు. ఆ కోపం నా మీద చూపించాల్సింది, మింతు మీద కాదు. "పిల్ల నీ దగ్గర ఉండటమే మంచిది" అన్న మాట చదివి రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. తల్లినని గుర్తుచేయడానికి నువ్వు అంత దూరం నుంచి రాయాలా?

ఏం జరిగిందో చెబుతాను, తెలుసుకోవాలని ఉంటే. నువ్వు కాదన్నాక నాకు ఇంకో దారి లేకపోయింది. హన్నుల గారికి ఫోను చేసి ఈస్టరు పని జనవరిలో ఇస్తానని చెప్పాను. ఆయన చాలా మర్యాదగా, అయితే డబ్బాల పని వేరేవాళ్ళకి ఇచ్చుకుంటాం, చాక్లెట్లకి చుట్టే కాగితాల పని మాత్రం మీరు చేయండి అన్నాడు. డబ్బాలే పెద్ద పని. ఇన్నాళ్ళూ ఏది జరుగుతుందని భయపడ్డానో అదే జరిగింది. ఫోను పెట్టేసి వంటింట్లో కూర్చుండిపోయాను. మింతు వచ్చి, నేను కంప్యూటరు, కాగితాలు తీసేసిన బల్ల చూసి, "ఇక్కడ పిండి పిసకొచ్చా?" అని అడిగింది. ఆ మధ్యాహ్నం ఏలకుల రొట్టెలు చేశాం. సగం మాడాయి.

పండగ నాలుగు రోజులూ కంప్యూటరు తెరవలేదు. సంతోషంగా ఉందా అంటే, భయంగా ఉంది. ఈ సంవత్సరం ఎలా గడుస్తుందో తెలియదు. చెప్పుల మరమ్మతు షాపు పైన ఒక చిన్న గది అద్దెకి తీసుకున్నాను. కింది షాపాయన అయిదింటికి మెట్ల తలుపుకి తాళం వేసుకుని వెళ్ళిపోతాడు. ఆలోపు నేను దిగకపోతే రాత్రంతా అక్కడే ఉండాలి. వంటింటి బల్ల మళ్ళీ వంటింటిదయింది.

అన్నయ్యని అడిగానని చెప్పు.

సైలా


కస్కినెన్,
జనవరి 16

సైలా,

ఈ ఉత్తరం మీ అన్నయ్య రాస్తున్నాడు, నేను చెబుతున్నాను. అక్షరాలు చూసి భయపడకు. ఆయన చేతిరాత ఎప్పుడూ ఇంతే.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. మీ అన్నయ్య కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, "ఇప్పటికైనా చెబుతావా, నేను చెప్పనా?" అన్నాడు. అందుకని చెబుతున్నాను.

అక్టోబరు నుంచీ నా కుడి చెయ్యి భుజం పైకి లేవడం లేదు. ముందు నొప్పి అనుకున్నాను. తర్వాత జుట్టు ఆరబెట్టే మిషను ఎత్తలేకపోయాను. కస్టమర్లని కుర్చీలో బాగా కిందికి దించి కూర్చోబెట్టి, ఎడమ చేత్తో కుడి మోచేతిని మోసుకుంటూ కత్తిరిస్తున్నాను. వాళ్ళకి తెలియకూడదని కబుర్లు ఎక్కువ చెబుతున్నాను. ఇంట్లో నా జుట్టు మీ అన్నయ్య దువ్వుతున్నాడు. క్రేన్ నడిపినట్టే దువ్వుతాడు.

మింతు వస్తే మొదటి రోజే పట్టేస్తుంది. అది చూసినదేదీ దాచుకోదు, నీకు చెబుతుంది, నువ్వు రిస్తోకి చెబుతావు, మాట ఇక్కడికి తిరిగొస్తుంది. సెలూన్ విర్పికి చెయ్యి పోయిందట అంటే అయిపోయినట్టే కదా? అందుకని వద్దన్నాను. పిల్ల నీ దగ్గర ఉండటమే మంచిదన్నది కూడా, నా దగ్గర దాన్ని ఎత్తుకునే చెయ్యి లేదని. నువ్వు దాన్ని అలా చదువుతావని నాకు తోచలేదు. నా తప్పే. రెండు ముక్కలు రాసి పడేశాను.

నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాం. లోపల కండరం చిరిగిందట. ఆపరేషన్ చేయాలి, ఆ తర్వాత మూడు నెలలు కత్తెర ముట్టుకోకూడదు. ఫిబ్రవరి మొదట్లో ఎవరో రానన్నారట, ఆ చోటు నాకిస్తామన్నారు. ఆలోచించుకుని చెబుతానన్నాను. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "ఏం ఆలోచిస్తారండీ? చెయ్యి కావాలా వద్దా అనా?" అంది.

మూడు నెలలు మూస్తే నాకు ఎవరు మిగులుతారు, సైలా? నీకు నీతులు చెప్పానే గానీ, నీ భయమే నాదీ. నువ్వు హన్నుల గారికి కుదరదని చెప్పావు కదా. ఏ మాటలతో చెప్పావు? ఉన్నదున్నట్టు రాసి పంపు.

వదిన

(నేను ఎస్కోని. ఆవిడ దువ్వెన గురించి చెప్పింది నమ్మకు. బాగానే దువ్వుతాను.)


తంపెరే,
జనవరి 21

వదినా, నా వదినా,

నేను మూర్ఖురాలిని. రెండు నెలలుగా నీ ఉత్తరాలు ఎందుకు చిన్నవైపోతున్నాయో ఒక్కసారీ ఆలోచించలేదు. కోపమని తేల్చేసుకున్నాను. ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నానని ఇవాళే ఫోను చేసి చెప్పు. ఇది చదవడం ఆపి చేసి రా.

చేశావా? సరే.

హన్నుల గారికి చెప్పిన మాటలు అడిగావు. అద్దం ముందు నిలబడి చాలా రకాలుగా చెప్పి చూసుకున్నాను. మొదట, మా అమ్మాయికి ఇలా జరిగిందండీ, మా ఇంట్లో పరిస్థితి బాగాలేదండీ, అని ఉండేది. అన్నీ తీసేశాను. చివరికి మిగిలింది ఇంతే. "ఇది జనవరి పదికి ఇస్తాను. అంతకుముందు కుదరదు." చెప్పడం క్షణం పని. చెప్పాక సంజాయిషీ ఇవ్వకుండా ఊరుకోవడమే కష్టం. ఆయన మాట్లాడకుండా ఉన్నంతసేపూ నేను పెదవి కొరుక్కుంటూ కూర్చున్నాను.

నువ్వు కూడా దాచకు. దాస్తే వాళ్ళే ఏదో ఒకటి ఊహించుకుంటారు, నేను ఊహించుకోలేదూ? ఆపరేషన్‌కి ముందు వచ్చేవాళ్ళందరికీ నువ్వే నోటితో చెప్పు. మళ్ళీ తెరిచాక ఏ వారం వస్తారో అప్పుడే రాసుకో. మూడు నెలలూ కుర్చీ ఖాళీగా ఎందుకుండాలి? నార్పియోలో చదువు ముగించి చోటు వెతుక్కునే పిల్లలు ఉంటారు. వారానికి రెండు రోజులు కుర్చీ అద్దెకివ్వు. నీ వాళ్ళు కాఫీ మిషను దాకా వెళ్ళక్కరలేదు.

తలుపు మీద అతికించడానికి కాగితం నేను గీసి దీంతోపాటు పంపుతున్నాను. దీనికి హన్నుల గారి అనుమతి అక్కరలేదు. నల్లటి అంచు, మధ్యలో నీ పేరు, కింద ఒక తెల్ల పువ్వు, చిన్న అక్షరాల్లో నువ్వు మళ్ళీ తెరిచే నెల. చూడటానికి హుందాగా ఉంటుంది.

ఆపరేషన్ రోజు నేను వస్తున్నాను. కంప్యూటరు తేను. రిస్తో సెలవు పెట్టి మింతుని చూసుకుంటాడు. కాదనకు అని ఈసారి అడగడం లేదు, చెబుతున్నాను.

నీ సైలా


కస్కినెన్,
ఫిబ్రవరి 20

సైలా,

ఎడమ చేత్తో రాస్తున్నాను, కోడి కెలికినట్టుంది, ఓపిక పట్టు. మీ అన్నయ్యతో రాయించవచ్చు గానీ, ఇది ఆయన రాస్తే మధ్యలో నవ్వుతూ ఆగిపోతాడు.

నువ్వు వెళ్ళిన మర్నాడు నీ కాగితం తలుపుకి అతికించాం. నల్లటి అంచు. మధ్యలో "విర్పి". కింద తెల్ల పువ్వు. మీ పట్నంలో దాన్ని హుందా అంటారేమో. ఇక్కడ ఎవరైనా పోతేనే అలాంటిది వేస్తారు. చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? మధ్యాహ్నానికల్లా ఊళ్ళో నేను పోయాను. ఆపరేషన్‌కి వెళ్ళిందని అందరికీ తెలుసు కదా, ఇక అనుమానమెందుకు? సిల్వి గారు మీ అన్నయ్యకి సంతాపం కార్డు పంపింది. "ఆవిడ చేతిలో మంచితనం ఉండేది" అని రాసింది. చర్చి నుంచి ఒకాయన పాటలు ఏవి పాడమంటారని ఫోను చేస్తే, ఎత్తింది నేనే.

ఆ భార్య పోయినాయన ఏం చేశాడో తెలుసా? మీ అన్నయ్యకని చేపల కూర వండుకుని గిన్నెతో మా గుమ్మంలో నిలబడ్డాడు. నేను తలుపు తీశాను. నన్ను చూసి, గిన్నె కింద పెట్టి, మెట్ల మీద కూర్చుండిపోయాడు. "ఇకమీదట నేను ఎక్కడికి వెళ్ళాలా అని ఆలోచిస్తూ వచ్చాను విర్పీ" అన్నాడు. లోపలికి పిలిచి ఆ కూర ముగ్గురం తిన్నాం. ఉప్పు ఎక్కువైంది.

కాగితం పీకేసి, మీ అన్నయ్య పెద్ద అక్షరాలతో ఇంకొకటి రాశాడు. "బతికే ఉంది. మే నెలాఖరుకి వస్తుంది." అది బాగానే పనిచేసింది.

నువ్వన్నట్టే ఒక అమ్మాయి దొరికింది, నెయా అని, నార్పియో నుంచి మంగళ, గురువారాలు వస్తోంది. చెవికి అయిదు పోగులు ఉన్నాయి గానీ కత్తెర పట్టడం తెలుసు. ఒక్కటే బాధ. ఆ పిల్ల నాకంటే చాలా ఎక్కువ తీసుకుంటోంది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని వెనక గదిలో కూర్చుని విన్నాను. ఒక్కరూ ఏమీ అనలేదు. ఇచ్చి, థాంక్స్ చెప్పి వెళ్ళారు. ఇన్నేళ్ళూ నేను ఎవరి కోసం భయపడ్డానని నాకే కోపం వచ్చింది. నీకు చెప్పకూడదనే అనుకున్నాను. చెప్పేశాను, ఇక దీని మీద ఒక్క మాట అనకు.

ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్నావు చూడు, ఏ పనీ లేకుండా, ఊరికే. కళ్ళు తెరిచినప్పుడల్లా నువ్వు కిటికీలోంచి చూస్తూ కనిపించావు. అది చాలా బాగుంది. అప్పుడు చెప్పలేదు.

పోయి తిరిగొచ్చిన నీ వదిన


తంపెరే,
ఏప్రిల్ 24

వదినా,

నల్ల అంచు గురించి నేను ఇప్పటికి చాలాసార్లు క్షమాపణ అడిగాను, రిస్తో మాత్రం వదలడం లేదు. ఎవరైనా తనకి నచ్చకపోతే చాలు, "మా ఆవిడ చేత బోర్డు గీయించుకో" అంటున్నాడు.

ఈస్టరు వెళ్ళిపోయింది. షాపులో నా కోడిపిల్లల కాగితాలు చుట్టిన చాక్లెట్లు తగ్గింపు ధరకి పడి ఉంటే చూశాను. ఆ రెక్క రంగు ఎవరూ గమనించి ఉండరు. మింతు ఒకటి కొనిపించుకుని, కాగితం విప్పి, తల ముందు కొరికేసి, బాగుందంది.

మార్చిలో కాస్త దారి తప్పాను, నీకు చెప్పకపోతే ఎలా? డబ్బాల పని పోయిన భయంతో వచ్చిన పనల్లా ఒప్పుకున్నాను. విత్తనాల షాపు, టీ పొట్లాలవాళ్ళు, ఒక దంతవైద్యుడు. మెట్ల తలుపుకి తాళం పడేవేళకి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. మూడో వారం రిస్తో గుమ్మంలోనే ఆపి, "సంచిలో ఏముంది, ఈస్టరా, క్రిస్మసా?" అన్నాడు. దోసకాయ విత్తనాలు అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. సంచి కొక్కేనికి తగిలించి లోపలికి వెళ్ళాను. మర్నాడు దంతవైద్యుడికి జూన్‌లో చేస్తానని చెప్పాను. ఆయన సరేనన్నాడు. అంత తేలిగ్గా సరేనంటే నాకే ఏదోలా అనిపించింది.

ఇంకో సంగతి. హన్నుల గారు మళ్ళీ రాశాడు. క్రిస్మస్ డబ్బాలు నేనే చేయాలట, ఆ వేరేవాళ్ళ కుందేళ్ళు ఎలకల్లా వచ్చాయట. శుక్రవారం సాయంత్రమే రాశాడు, అలవాటు పోలేదు. నేను సోమవారం పొద్దున జవాబిచ్చాను. శని, ఆదివారాలు ఆయనకి ఏమీ కాలేదు. ధర ఇంత, గడువు ఇంత, శుక్రవారం వచ్చిన పని సోమవారం చూస్తాను అని రాశాను. ఇంకా జవాబు రాలేదు. రాకపోతే ఏమవుతుందని లెక్క వేసుకుని చూశాం. వేసవిలో దక్షిణ దేశాలకి వెళ్ళే ప్రయాణం మానుకోవాలి. అంతే. మీ దగ్గరికి వస్తాం.

ఇప్పుడు నా సంగతి వదిలేయి. డాక్టరు మేలో కత్తెర పట్టమన్నారు, సరే. ఎన్ని రోజులు తెరుస్తావు? నువ్వు జవాబు చెప్పకుండా సిల్వి గారి కబుర్లు రాస్తే ఊరుకోను.

సైలా


కస్కినెన్,
జూన్ 17

సైలా,

కుడి చేత్తో రాస్తున్నాను. చూడు, గీతలు తిన్నగా ఉన్నాయా?

సెలూన్ మంగళవారం నుంచి శుక్రవారం దాకా. శనివారం నెయా చూసుకుంటుంది, ఆ పిల్ల ఉండిపోయింది. ధర పెంచాను. ఆ భార్య పోయినాయనకి పాత ధరే, అది నా ఇష్టం, నువ్వు మధ్యలోకి రాకు. సిల్వి గారికి ఆదివారం బదులు బుధవారం అంటే ముందు అలిగింది. తర్వాత, బుధవారం అయితే తాజా కబుర్లు ఉంటాయని ఒప్పుకుంది. నార్పియోకి ఇద్దరు వెళ్ళిపోయారు. ముగ్గురు అక్కడినుంచి నెయా కోసం ఇక్కడికి వచ్చారు.

మొదటి సోమవారం ఏం చేయాలో తెలియలేదు. పొద్దున్నే లేచి, బట్టలు మార్చుకుని, సెలూన్ దాకా నడిచి, తలుపు ముట్టుకుని వెనక్కి వచ్చేశాను. రెండో సోమవారం కిటికీలన్నీ తుడిచాను. మీ అన్నయ్య చూసి చూసి, నిన్న రేవులో సెలవు అడిగి, ఏమీ చెప్పకుండా పడవ నీళ్ళలోకి తోశాడు.

పెళ్ళై ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచీ సముద్రం నా సెలూన్ కిటికీలో ఉంది. పనిరోజున దాని మీదికి వెళ్ళడం మాత్రం నిన్ననే. గాలి లేదు. దీవుల మధ్యకి వెళ్ళాక ఆయన తెడ్లు లోపల పెట్టేశాడు. ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చాడు. "ఇప్పుడేం చేద్దాం?" అన్నాను. "ఇదే" అన్నాడు. చాలా మాట్లాడుకున్నాం సైలా. భుజం సంగతి నేను అందరి దగ్గరా దాచినన్నాళ్ళూ ఆయన రాత్రి నా ఊపిరి వింటూ పడుకునేవాడట. ఆ మాట ఇన్ని నెలల తర్వాత చెప్పాడు. ఇంట్లో చెప్పడానికి మాకు ఎప్పుడు కుదిరింది గనక?

అంతలో ఒక మోటారు పడవ పక్కకి వచ్చింది. పోస్టాఫీసులో పనిచేసే కిర్సి, మొగుడూ ఉన్నారు. మోటారు ఆపించి, "విర్పీ, మధ్యవేసవి పండగకి మా ఇంటికి చుట్టాలొస్తున్నారు. ఇవాళ సాయంత్రం ఒక్క అరగంట నా తల చూడకూడదూ?" అంది. నా నోట్లో సరే అన్న మాట వచ్చేసింది, నాలుక మీదే ఉంది. మీ అన్నయ్య సముద్రం వైపు చూస్తున్నాడు. నువ్వు అద్దం ముందు నిలబడ్డ సంగతి తలుచుకున్నాను.

"రేపు పొద్దున చూస్తాను. ఇవాళ కుదరదు" అన్నాను. ఆపై ఏమీ అనలేదు. పెదవి కొరుక్కున్నాను.

"అయితే రేపు వస్తాలే" అంది కిర్సి. మొగుడు మోటారు వేశాడు. వెళుతూ వెళుతూ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. వాళ్ళ పడవ దీవి వెనక్కి తిరిగాక చూసుకుంటే, నా కుడి చెయ్యి తలకంటే పైన ఉంది.

జూలైలో మింతుని ముందే పంపు. ఎన్నాళ్ళయినా ఉండనీ. నువ్వూ రిస్తో వీలు చూసుకుని రండి, తొందరేం లేదు. సోమవారం వస్తే మాత్రం ఇంట్లో ఉండం, పడవ దగ్గర చూడండి.

ప్రేమతో,
విర్పి